పెష్టిగో: ఊరి మధ్యలో నది ఉన్నా అంతమంది ఎందుకు చనిపోయారు?

1871 అక్టోబరు 8 రాత్రి అమెరికాలోని విస్కాన్సిన్‌లో కలప వ్యాపారంతో బతికే పెష్టిగో కాలి బూడిదైంది. ఊరి జనాభా దాదాపు 1,700. చుట్టుపక్కల పల్లెలతో కలిపి 1,200 నుంచి 2,500 మంది పోయారని అంచనా. ఊరి మధ్యలోనే నది ఉండగా ఇదెలా జరిగింది? నదిదాకా చేరడమే కష్టమైంది, చేరినవాళ్ళకీ అది పూర్తిగా రక్షణ ఇవ్వలేదు.

ఇళ్ళు, కాలిబాటలు, వంతెన అన్నీ చెక్కవే. వీధుల్లో రంపపుపొట్టు. వేసవి నుంచీ వానలు సరిగ్గా లేవు. చెట్లు కొట్టినచోట కొమ్మారెమ్మా అలాగే వదిలేసేవారు. రైలుమార్గం వేసేవాళ్ళు, పొలాలు చదును చేసుకునే రైతులు వాటిని తగలబెడుతూనే ఉన్నారు. ఆ మంటలు వారాల తరబడి అడవిలో రగులుతూ, సెప్టెంబరులోనే ఒకసారి ఊరి అంచుదాకా వచ్చాయి. 8వ తేదీ రాత్రి నైరుతి గాలి ఉధృతం కాగానే అవన్నీ ఏకమయ్యాయి. సుమారు గంటలో ఊరంతా పోయింది.

అవతలి గట్టు క్షేమమనుకుని రెండు వైపుల జనమూ వంతెన మీదకే పరిగెత్తారు. ఎదురెదురుగా చిక్కుకున్నారు, వంతెన అంటుకుని కూలిపోయింది. కలప కంపెనీ పనివాళ్ళుండే బోర్డింగ్ హౌస్‌లో తలదాచుకున్నవాళ్ళు అందులోనే కాలిపోయారు. పల్లెల్లో కొందరు బావుల్లోకి దిగి చనిపోయారు. కొన్ని శవాల మీద కాలిన గాయాలే లేవు. సలసల కాగే గాలి పీలిస్తే చావడానికి మంట తాకనక్కర్లేదు.

ఇక నదిలో దిగినవాళ్ళ సంగతి. అలా దిగి బతికిన ఆ ఊరి చర్చి ఫాదర్ పీటర్ పెర్నిన్ తన అనుభవం రాసిపెట్టారు కాబట్టి ఇది వివరంగా తెలుసు. ఒంటిని నీళ్ళలో ముంచి, బయట ఉన్న తల మీద ఆగకుండా నీళ్ళు చల్లుకుంటూనే ఉండాలి, ఆపితే అంటుకుంటుంది. ఆయన అలా ఐదున్నర గంటలున్నారు. ఆ నీళ్ళ చలికి కొయ్యబారి మునిగినవాళ్ళున్నారు. తేలివచ్చే దుంగలు, బెదిరి నదిలో పడ్డ పశువులు మరో ప్రమాదం. తూర్పు గట్టున పల్లపు చిత్తడిలో పడుకున్నవాళ్ళు కూడా కొందరు బతికారు.

అదే రాత్రి షికాగో కూడా తగలబడింది కాబట్టి తోకచుక్క ముక్కలు పడి రెండుచోట్లా నిప్పంటుకుందనే మాట ఇప్పటికీ తిరుగుతోంది. నమ్మకండి. నిప్పు అడవిలో ముందే ఉంది, పెట్టినవాళ్ళు మనుషులే.