పదవీ విరమణ తరవాత మిగిలిన ‘నేను’

ప్రశ్న: రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. ఈ మధ్య పింఛను పని మీద పాత కార్యాలయానికి వెళితే, ఒకప్పుడు నా కింద పనిచేసినవారే కూర్చోమని కూడా అనలేదు. ఆ రోజు నుంచి బయటికి వెళ్లడం తగ్గించేశాను. ‘నేను ఫలానా’ అనే పట్టు వదిలితే మనశ్శాంతి కలుగుతుందని ప్రవచనాలలో వింటున్నాను. రోజూ జపం చేస్తున్నా ఆ కుర్చీ సంగతి గుర్తుకొస్తే నిద్ర పట్టడం లేదు. ఆ పట్టు వదలడం ఎలాగో చెప్పగలరు.
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పోగొట్టుకున్నదంతా అహంకారమేనని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఉదయం పదింటికి వెళ్లవలసిన చోటు, మీ మాట కోసం ఎదురుచూసే నలుగురు, సాయంత్రానికి తెమల్చవలసిన పని, ఇవన్నీ ఒక్క రోజులో పోయాయి. ఆ లోటు జపంతో తీరేది కాదు. ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం అర్థంకాక తిరిగే రైతులు ఎందరో ఉంటారు, వారికి మీ అనుభవం అవసరం. ఇది వేదాంతం కాదు గాని, వేదాంతం కంటే ముందు చేసుకోవలసిన ఏర్పాటు.

ఇక కుర్చీ సంగతి. రమణ మహర్షి తిరువణ్ణామలైలో విరూపాక్ష గుహలో ఉన్న రోజులలో, 1902లో, శివప్రకాశం పిళ్లె అనే ఆయన వచ్చి ‘నేనెవరు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి వరుసగా ప్రశ్నలు అడిగారు. మహర్షి అప్పుడు మౌనంలో ఉన్నారు కనుక సమాధానాలు రాసి చూపించేవారు. ఆ ప్రశ్నోత్తరాలే తరవాత ‘నేనెవరు’ అనే చిన్న పుస్తకంగా వచ్చాయి. అడిగిన పిళ్లె గారు కూడా రెవెన్యూ శాఖ ఉద్యోగే కావడం మీకు కాస్త దగ్గరితనం కలిగిస్తుందని ఈ సంగతి చెబుతున్నాను.

ఆ పద్ధతిలో ఆలోచనను అణచడం లేదు, దానితో వాదించడమూ లేదు. ఆలోచన పుట్టగానే ‘ఇది ఎవరికి కలిగింది’ అని చూడాలి. ‘నాకు’ అని తోస్తుంది. ‘ఆ నేను ఎవరు’ అని చూపును వెనక్కి తిప్పితే, బయటికి పరుగెత్తుతున్న మనసు తాను పుట్టిన చోటికి మళ్లుతుంది. మీ విషయంలో దీనిని ఇలా చేయవచ్చు. రాత్రి ఆ కుర్చీ గుర్తుకు రాగానే ‘నన్ను అవమానించారు’ అనే మాట లేస్తుంది కదా, అప్పుడు ఏ ‘నన్ను’ అని ఆగి చూడండి. తహసీల్దారునా? ఆ కార్యాలయంలో ఆ పేరుతో ఇప్పుడు మరొకరు ఉన్నారు, ప్రభుత్వ ఉత్తర్వే అందుకు సాక్ష్యం. నిలబడి నొప్పి పెట్టిన కాళ్లనా? అయితే కాళ్లకు కావలసింది కుర్చీ మాత్రమే, మర్యాద కాదు. ఈసారి వెళ్లినప్పుడు ‘కాస్త కూర్చుంటాను బాబూ’ అని అడగండి, అందులో చిన్నతనమేమీ లేదు. ఈ రెండూ తీసివేశాక కూడా నొచ్చుకుంటున్నది ఏదైనా మిగిలి ఉంటే, దాని పేరేమిటని తొందరపడకుండా దానినే కొంతసేపు గమనించండి. గమనిస్తున్న కొద్దీ అది పట్టుకు దొరకదు. ఆ దొరకకపోవడంలోనే కొంత సడలింపు ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ‘నేనెవరు’ అనేదాన్ని మంత్రంలా జపించమని మహర్షి చెప్పలేదు. ‘నేను ఆత్మను’ అని మాటతో జవాబు చెప్పుకుని తృప్తి పడితే, ఇంటి గుమ్మానికి ఉన్న పాత నామఫలకం తీసి కొత్తది తగిలించినట్టే అవుతుంది. ‘నాకు అహంకారం లేదు’ అని నలుగురిలో చెప్పుకునేవారి అహంకారం తహసీల్దారు అహంకారం కంటే మొండిది, దానికి పదవీ విరమణ వయసు కూడా ఉండదు.

బౌద్ధం ఇదే చోటికి వేరే దారిన వస్తుంది. బుద్ధుడు సారనాథ్‌లో తన మొదటి అయిదుగురు శిష్యులకు చేసిన రెండవ ఉపదేశంలో రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే అయిదింటినీ ఒక్కొక్కటిగా తీసుకుని, ఇది నిత్యమా, మీరు చెప్పినట్టు వింటుందా, వినని దానిని ‘నాది’ అనడం తగునా అని అడుగుతాడు. చివరకు మిగిలేది ఆత్మ అని వేదాంతి అంటాడు, అలాంటిదేదీ పట్టుకోవద్దని బౌద్ధుడు అంటాడు. ఈ వాదం శతాబ్దాలుగా సాగుతున్నది, కృష్ణా తీరాన నాగార్జునకొండకు పేరునిచ్చిన ఆచార్యుడి సంప్రదాయం అందులో పెద్ద పక్షం. నా ఉద్దేశంలో మీ నిద్రకు ఆ తీర్పు అవసరం లేదు. కుర్చీని ‘నాది’ అనుకోవడం పొరపాటన్న చోట ఇద్దరూ కలుస్తున్నారు.

‘నేను’ పట్టు వదిలితే బాధ్యతలు ఏమవుతాయని ఈ మాట విన్నవారు చాలామంది అడుగుతారు. 1896 ఆగస్టు చివరలో పదహారేళ్ల వేంకటరామన్, అంటే తరవాత రమణ మహర్షి అయిన కుర్రవాడే, మదురైలో ఇల్లు విడిచి వెళుతూ రాసిన చీటీ చూడండి. అది ‘నేను’ అని మొదలవుతుంది. రెండో వాక్యానికే ఆ ‘నేను’ పోయి ‘ఇది’ అవుతుంది, ఇది మంచి పనికే బయలుదేరింది కనుక ఎవరూ దుఃఖించవద్దని, దీనిని వెతకడానికి డబ్బు ఖర్చు చేయవద్దని ఉంటుంది. చివర సంతకం ఉండవలసిన చోట ఒక గీత మాత్రమే ఉంది. అయితే అదే చీటీలో, అన్నగారి చదువు ఫీజుకు ఇచ్చిన అయిదు రూపాయలలో రైలు ఖర్చుకు మూడు తీసుకుని, ఫీజు కట్టలేదని, మిగిలిన రెండు రూపాయలు ఇందులోనే ఉన్నాయని లెక్క కూడా చెప్పాడు. పేరు వదులుకున్న కుర్రవాడు లెక్క వదలలేదు. సంసారం, ఉద్యోగం విడిచి వస్తామన్న వారిని ఆ తరవాతి కాలంలో మహర్షి సాధారణంగా ప్రోత్సహించలేదు కూడా. అడవికి వెళ్లినా మనసు వెంటే వస్తుందని ఆయన అభిప్రాయం.

ప్రశ్న: నేను పెళ్లయిన నాటి నుంచి ఫలానా వారి భార్యను, ఆ తరవాత ఫలానా పిల్లల తల్లిని. నా పేరుతో నన్ను పిలిచినవారే తక్కువ. ఇప్పుడు యాభై ఏళ్లకు డిగ్రీ కడతానంటే ‘ఈ వయసులో గుర్తింపు ఎందుకు, అహంకారం తగ్గించుకో’ అని ఇంట్లో అంటున్నారు. అసలు లేనే లేని గుర్తింపును నేనెలా వదులుకోవాలి?
– గృహిణి, వరంగల్

జవాబు: మీరు వదులుకోవలసింది ఏమీ లేదమ్మా, డిగ్రీ కట్టండి. ఒకరి చేతిలో ఉన్నదానిని వారే ఇష్టపడి వదిలితే అది త్యాగం, అసలు చేతికే ఇవ్వకుండా వదలమనడం పెత్తనం. అహంకారం తగ్గించుకోమనే మాట ఇంట్లో ఎప్పుడూ ఒక్కరికే చెబుతున్నారంటే అది ఆధ్యాత్మికం కాదు.

తరిగొండ వెంగమాంబ సంగతి గుర్తు చేసుకోండి. 18వ శతాబ్దిలో చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆమె, శిరోముండనం చేయించుకుని మూల కూర్చోమన్న ఆచారాన్ని కాదన్నదని సంప్రదాయ కథనం. లోకం అంటగట్టిన ‘వితంతువు’ అనే గుర్తింపును ఒప్పుకోకుండా, తిరుమల చేరి కావ్యాలు రాసింది. వాటిలో ‘నేను’ అనే భావాన్ని విచారించే వాసిష్ఠ రామాయణం కూడా ఒకటి. గురువు దగ్గర ఓనమాలైనా చదవలేదని చెప్పుకుంటూ, తన కవిత్వమంతా తరిగొండ నరసింహుడి దయేనని అన్నది. కర్తృత్వాన్ని దేవుడికి ఇచ్చివేసింది గాని, కలం ఎవరికీ ఇవ్వలేదు. మీకు కూడా వదలడం అంటూ వస్తే పరీక్ష ఫలితం దగ్గర రావచ్చు, ఫీజు కట్టకముందు కాదు.

ప్రశ్న: కొన్నాళ్లుగా గంటల తరబడి ధ్యానం చేస్తున్నాను. ఈ మధ్య నా చేతులు నావి కానట్టు, అద్దంలో ఉన్నది ఎవరో అన్నట్టు అనిపించి భయం వేస్తోంది. నిద్ర కూడా తగ్గింది. ఇది ‘నేను’ పోవడమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: దీనిని సాధనలో మెట్టుగా లెక్క వేసుకోకండి. పట్టు సడలిన మనసు తేలికపడుతుంది, ఎదుటివారి మీద దయ పెరుగుతుంది. భయం, నిద్రలేమి, తనకు తానే పరాయిగా అనిపించడం వేరే సంగతి, దానికి వైద్యం ఉంది. ధ్యానం కొంతకాలం ఆపి, వేళకు తిని, నడిచి, ఇంట్లోవారితో మాట్లాడుతూ ఉండండి. ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ని కలిసి, ఎన్ని గంటలు ధ్యానం చేసేవారో కూడా దాచకుండా చెప్పండి. అంతవరకు ఆగలేనంత భయంగా ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రి పగలు అందుబాటులో ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.