పేతురు చెప్పిన పాలు పసివారికేనా?

మొదటి పేతురు 2:2లో "నిర్మలమైన వాక్యమను పాలు" అన్నచోట గ్రీకు మూలంలో ఏముంది, ఎదిగిన విశ్వాసికి ఆ పాలతో ఇంకా పని ఉందా అని అడిగారు. పని ఉంది, కడవరకూ ఉంది అన్నదే నా జవాబు.

గ్రీకులో పాలను "గాలా" అంటారు. ఇక్కడ దానికి "లోగికోన్" (వాక్యం అనే అర్థమున్న "లోగోస్" నుంచి వచ్చిన మాట), "అదోలోన్" అనే రెండు విశేషణాలు చేర్చారు. రోమా 12:1లో "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అన్నచోట ఉన్నదీ ఈ మొదటి విశేషణమే గనుక, దీన్ని "ఆత్మసంబంధమైన పాలు" అని అనువదించినవారూ ఉన్నారు. అయితే మీరు దేవుని వాక్యమూలముగా మళ్లీ పుట్టినవారని 1:23లో చెప్పి, మీకు ప్రకటింపబడిన సువార్త ఆ వాక్యమేనని అధ్యాయాన్ని ముగించిన పేతురు, ఆ వెంటనే పాల ప్రస్తావన తెచ్చి వేరే ఆహారాన్ని ఉద్దేశించాడంటే నేను ఒప్పుకోను. మన తెలుగు బైబిలు "వాక్యమను పాలు" అన్నదే సరైనది.

రెండో విశేషణం గురించి మన ప్రసంగాల్లో దాదాపు వినబడదు, అదే నా బాధ. 2:1లో మానుకొమ్మన్న "కపటము"కు గ్రీకు మాట "దోలోస్". ఆ కపటం లేనిదే "అదోలోన్". ఐగుప్తులో దొరికిన పాత గ్రీకు పత్రాల్లో కల్తీలేని ధాన్యానికి కూడా ఈ మాటే వాడారు. అంటే కపటాన్ని, అసూయను, దూషణను విడిచిపెట్టినవారు కల్తీలేని పాలు తాగాలని పేతురు చెబుతున్నాడు. ఆ పాలనే ఎదుటివారిని చులకన చేయడానికి వాడుకోవడం వాక్యానికే విరుద్ధం.

తణుకు దగ్గరి ఒక పల్లెలో జరిగిన ఉపవాస కూడికలో అదే చూశాను. మా మేనత్త ఎప్పటిలాగే 34వ కీర్తన చదవమని అడిగింది. ఆమె బైబిలుకు గుడ్డ తొడుగు ఉంటుంది, అంచులు చెమటకు నల్లబడ్డాయి, చదివేటప్పుడు వేలు వరుస కిందే కదులుతుంది. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆమె వైపు చూస్తూ, రక్షణ పొంది ఇన్నేళ్లయినా కొందరు పాలు మానడం లేదని, గట్టి ఆహారం అడగడం లేదని అందరి ముందూ అన్నాడు. ఆమె తల దించుకోలేదు. ప్రార్థన వంతు వచ్చినప్పుడు "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" అన్న వచనంతోనే మొదలుపెట్టింది. పేతురు పాల మాట చెప్పిన మరుక్షణం, 2:3లో, గుర్తుచేసేది సరిగ్గా ఆ కీర్తన వచనాన్నే. అక్కడ "దయాళుడు" అన్నా, కీర్తనలో "ఉత్తముడు" అన్నా గ్రీకులో "ఖ్రేస్తోస్" అన్న ఒకే మాట ఉంది. ఆ కూడికలో పేతురు మనసుకు దగ్గరగా ఉన్నది ఆమేనని నా నమ్మకం.

పాలు అనే మాట గద్దింపుగా వచ్చే చోట్లు లేకపోలేదు. అన్నముతో కాదు, పాలతోనే మిమ్మును పెంచితినని పౌలు కొరింథీయులకు రాశాడు. హెబ్రీ 5:12 కూడా అదే ధోరణిలో సాగుతుంది. కొరింథులో ముఠాలు కట్టుకుని పోట్లాడుకునేవారికి ఆ మాట తగినదే. కానీ దాన్ని తెచ్చి పేతురు నోట పెట్టకూడదు. ఇక్కడ "అపేక్షించుడి" అన్న క్రియ, దుప్పి నీటివాగుల కొరకు ఆశపడినట్లు అన్న 42వ కీర్తన గ్రీకు అనువాదంలో ఉన్న క్రియే. ఆ కీర్తనకారుణ్ని కొత్త విశ్వాసి అని ఎవరూ అనరు.

పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరి ఉన్నవారందరి కోసం రాసిన పత్రిక ఇది. దీని 5వ అధ్యాయంలో పేతురు సంఘపు పెద్దలను కూడా పిలిచి, తాను వారి తోటి పెద్దనని చెప్పుకుంటూ హెచ్చరిస్తాడు. పాలు అపేక్షించమన్న ఆజ్ఞ నుంచి మాత్రం ఆ పెద్దలను ఎక్కడా మినహాయించలేదు.