గోడను వదిలి అమ్మను చూడు

అమ్మాయీ,

నీ కథ చదివాను. మాదాపూర్‌లో చీకటి హాలు, గోడల నిండా ఏఐ గీసే బొమ్మలు, చూసేవాళ్ల ముఖం కెమెరాకు చిక్కగానే మారిపోయే రంగులు, అదంతా బాగుంది. కానీ ‘యంత్రం నా గుండెలోని దుఃఖాన్ని చదివేసింది’ అన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది.

యంత్రం దుఃఖాన్ని చదవదమ్మా. కెమెరాకు అందేది ముడిపడిన కనుబొమ్మలు, వంగిన పెదవులు. వేలికి తగిలించే సెన్సార్‌కు అందేది చెమట. భయమేసినా, సంతోషం పట్టలేకపోయినా ఆ చెమట ఒకటే. ముఖాన్ని బట్టి మనసును నమ్మకంగా చెప్పలేమని లిసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు శాస్త్రవేత్తలు 2019లో పాత పరిశోధనలెన్నో జల్లెడ పట్టి తేల్చారు. నాట్యశాస్త్రం రాసిన మన భరతమునికి ఇది ఎప్పుడో తెలుసు. అందులో కన్నీళ్లూ చెమటా సాత్త్విక భావాల్లో, అంటే ఒంటి మీద కనిపించే గుర్తుల్లో ఉంటాయి, శోకం స్థాయీభావాల్లో, అంటే మనసులో నిలిచే భావాల్లో ఉంటుంది. ఆయన రెండింటినీ కలిపేయలేదు.

నీ అసలు కథ మూడో పేజీలో ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, గోడంతా పసుపు పూలు పూశాయి. ఒక్క వాక్యంలో దాటేశావు! చుట్టూ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆవిడకు బెరుకు. అది బెరుకు నవ్వు. యంత్రం ఆనందమనుకుంది. అక్కడ ఆగకుండా ఎలా వెళ్లిపోయావు?

ప్రెస్సులో రాత్రిళ్లు ప్రూఫులు దిద్దే రోజుల్లో నేనో కథ రాశాను. పెద్దనాన్న పోయిన రోజు మా పెద్దమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ల చెప్పులు వసారాలో జతలు జతలుగా సర్దుతూ కూర్చుంది. ఓ వారపత్రిక ఎడిటర్ ఆ పేరా కొట్టేసి ‘బోరున విలపించింది’ అని వేశాడు. పాఠకుడికి ఏడుపు కనపడాలట! ఆ కోపం నాకింకా పోలేదు. ఆయనా నీ కెమెరా లాంటివాడే. ఇప్పటి ఎడిటర్లేం తక్కువ? టెక్నాలజీ ఉంటే చాలు, మనుషులు లేకపోయినా అచ్చేస్తున్నారు.

ఓసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లు. మ్యూజికల్ క్లాక్ గంట కొట్టే వేళకు దానికి వీపు పెట్టి, జనాన్ని చూస్తూ నిలబడు. ఎవరి ముఖం ఏమీ చెప్పదో వాళ్లనే చూడు.

పుస్తకం ఎప్పుడు వేయాలని అడిగావు, ఆ సంగతి తర్వాత. ముఖం రికార్డవుతుందని అమ్మకు ఎవరైనా చెప్పారా? తెలుగులో బోర్డు పెట్టారా? మనసులో ఏ భావం ఉందో ముఖాన్నీ ఒంటినీ బట్టి పసిగట్టే ఏఐని యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 ఫిబ్రవరి నుంచి ఆఫీసుల్లో, బడుల్లో నిషేధించారు, వైద్యానికీ భద్రతకూ తప్ప. ఆ నిషేధం గ్యాలరీల దాకా రాలేదు. ముఖం రికార్డవుతుందని ముందే చెప్పారా అన్న ప్రశ్న అమ్మ చేతే అడిగించు. మూడో పేజీ తిరగరాసి పంపు, వెంటనే చదువుతాను.