అంతా ఒకే నంబరు జామాయిల్ వద్దు

చిరంజీవి రవికి,

నాలుగెకరాల ఎర్రచెలకలో జామాయిల్ వేస్తున్నానని, మొత్తం ఒకే నంబరు క్లోన్ మొక్కలు బుక్ చేశానని రాశావు. తోట వెయ్యి. ఒకే నంబరు మాత్రం వద్దు. నంబరంటే ఒకే తల్లిచెట్టు ముక్కల నుంచి అచ్చం దానిలాగే పెంచిన క్లోన్ రకమే కదా.

భద్రాచలం దగ్గర సారపాక పేపరు మిల్లు వాళ్ళు 1989లో ఈ క్లోన్ల పని మొదలుపెట్టారు. నిటారుగా, ఏపుగా ఎదిగిన చెట్లను ఏరి నరికారు. మోడుకొచ్చిన చిగుళ్ళను ముక్కలు చేసి, హార్మోను పొడి అద్ది, తేమ గదుల్లో వేళ్ళు పోయించారు. విత్తనం మొక్కలతో హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర వచ్చే చోట మంచి క్లోన్లతో 20 నుంచి 25 దాకా వచ్చింది. చెట్లన్నీ ఒకే తీరుగా పెరగడమే దాని బలం.

చిక్కూ అక్కడే. 2000 తర్వాత దక్షిణాదిన ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు కట్టించే చిన్న పురుగు వచ్చిపడింది. కొన్ని నంబర్లు బాగా దెబ్బతిన్నాయి, కొన్ని తట్టుకున్నాయి. చేనంతా దెబ్బతినే నంబరే అయితే ఏం చేస్తావు? కనీసం మూడు రకాలు తీసుకో. కలిపి నాటకు, జోరుగా పెరిగేది పక్కదాన్ని అణిచేస్తుంది. దేని మడి దానికే ఉండాలి.

ఏ నంబరో నేల చెప్పాలి, పక్క రైతు కాదు. మట్టి పరీక్షకి పైమట్టి ఒక్కటే పంపితే సరిపోదు, ఇది వరి కాదు. మూడడుగుల లోతు మట్టి కూడా పంపు. అడుగున సున్నం ఉంటే నర్సరీ వాళ్ళకి ముందే చెప్పు.

మూడు మీటర్ల సాళ్ళు, మొక్కకీ మొక్కకీ రెండు మీటర్లు. ఎకరానికి 660 పైచిలుకు పడతాయి. చచ్చినవాటి చోట నెలలోపే కొత్తవి నాటు, ఆలస్యమైతే నీడలో లేవవు. మొదటి రెండేళ్ళు కలుపు పెరగనిచ్చావా, ఎంత మంచి క్లోనైనా దండగే. ఇక్కడ బద్ధకించి మొక్కని తిట్టేవాళ్ళే ఎక్కువ.

ఎదుగుదల చూడ్డానికి డ్రోన్ సర్వే అన్నావు. ఫొటోలు బాగుంటాయిలే గానీ నాలుగెకరాలకి టేపు చాలు. మడికి ఇరవై చెట్లకు గుర్తు పెట్టి, ఏటా ఛాతీ ఎత్తులో చుట్టుకొలత ఒక పుస్తకంలో రాసుకో. కోత తర్వాత పిలకలు ఉంచుకోవాలా, మోళ్ళు పీకి కొత్త రకం నాటాలా అన్నది ఆ పుస్తకం చూసే తేల్చుకో.

మొక్కలు దించుకునేటప్పుడు నాలుగైదు బయటకు తీసి వేళ్ళు చూడు. చుట్టలు చుట్టుకుపోయినవి వెనక్కి పంపించెయ్యి.

మీ పెదనాన్న