సీ డ్రైవ్ తగ్గట్లేదా? పార్టిషన్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చూడండి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. పక్కన ఉబుంటు (లినక్స్) కూడా వేసుకుందామని ఓ 100 జీబీ విడదీయబోతే, సీ డ్రైవ్‌లో 300 జీబీకి పైగా ఖాళీ ఉన్నా డిస్క్ మేనేజ్‌మెంట్ 18 జీబీ కంటే ఎక్కువ ఇవ్వనంటోంది. ఒక ఫ్రెండేమో మినీటూల్ పార్టిషన్ విజార్డ్ డబ్బులు పెట్టి కొనుక్కోమంటాడు, ఇంకొకడేమో జీపార్టెడ్ ఉండగా కొనడం దండగంటాడు. ఏది వాడాలి? డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీ సమస్య సాఫ్ట్‌వేర్ చేతకానితనం కాదు, సీ డ్రైవ్ మధ్యలో కదలకుండా కూర్చున్న రెండు మూడు ఫైళ్లు. డిస్క్ మేనేజ్‌మెంట్ పార్టిషన్‌ని (డిస్క్‌లో విడదీసిన భాగాన్ని, మీ సీ డ్రైవ్ అలాంటిదే) కుడివైపు చివర నుంచి కోసుకుంటూ వస్తుంది, దారిలో తాను జరపలేని ఫైలు ఎక్కడ తగిలితే అక్కడే ఆగిపోతుంది. దాని వెనకాల 300 జీబీ ఖాళీ ఉన్నా దానికి అనవసరం. హైబర్నేషన్ ఫైలు (నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచేది), పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడేది), సిస్టమ్ రిస్టోర్ కాపీలు, ఎక్కువసార్లు అడ్డుపడేవి ఇవే. మీ మెషీన్‌లో ఏది అడ్డమో ఊహించక్కర్లేదు కూడా. ష్రింక్ ప్రయత్నించాక ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ కింద 259 నంబరు ఈవెంట్ వెతకండి, ఆఖరున అడ్డం తగిలిన ఫైలు పేరు అందులో రాసి ఉంటుంది. ఇది తెలియకే చాలామంది సాఫ్ట్‌వేర్ కొనేస్తారు.

ముందు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హైబర్నేషన్ ఆఫ్ చేయండి (పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ హెచ్, మళ్లీ స్పేస్, ఆఫ్). దాంతో ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని త్వరగా లేపే ఏర్పాటు) కూడా పోతుంది, అది ఎలాగూ పోవాల్సిందే, ఎందుకో కింద చెప్తాను. తర్వాత సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి పాత రిస్టోర్ పాయింట్లు తీసేయండి, పేజ్ ఫైలుని తాత్కాలికంగా 'నో పేజింగ్ ఫైల్' అని పెట్టి రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సీ మీద ష్రింక్ వాల్యూమ్ నొక్కితే, ఇందాక 18 వేల చిల్లర ఎంబీ చూపించిన గడిలోనే అంకె పెద్దదై కనిపించే అవకాశం చాలా ఎక్కువ. అక్కడ లెక్క ఎంబీల్లో అడుగుతుంది కాబట్టి 100 జీబీ కావాలంటే 1,02,400 అని కొట్టాలి (కామాలు లేకుండా). పని అయ్యాక పేజ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేసుకోండి, హైబర్నేషన్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

అలా వచ్చిన ఖాళీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్ల గీతతో 'అన్‌అలొకేటెడ్' అని కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. కొందరు అక్కడే న్యూ సింపుల్ వాల్యూమ్ అని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ ఫైళ్ల పద్ధతిలో) ఫార్మాట్ కూడా చేసేసి, తర్వాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి ఖాళీ జాగా కనిపించట్లేదని తల పట్టుకుంటారు.

ఇంత చేసినా చాలినంత రాకపోతే అప్పుడు జీపార్టెడ్. అది ఉచితమే, లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ అవుతుంది. విండోస్ నడవనప్పుడు బయటి నుంచి పని చేస్తుంది కాబట్టి, విండోస్ తనంతట తాను కదపలేని ఫైళ్లను కూడా జరిపి పార్టిషన్‌ని తగ్గించగలదు. అయితే రెండు షరతులు. ఒకటి, విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అయి ఉండాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినా అది సగం నిద్రపోయినట్టే, అలాంటి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని జీపార్టెడ్ ముట్టుకోనంటుంది. రెండోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ మీకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది, అలా తాళం వేసిన సీ డ్రైవ్ సైజుని జీపార్టెడ్ మార్చలేదు, ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపి డీక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగాలి. విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌కి ఈ బాధ లేదు, తాళం ఉన్నా తగ్గిస్తుంది. ఏ దారిలో వెళ్లినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఒకటి కాగితం మీద రాసి పెట్టుకోండి, బూట్ వరుస మారగానే విండోస్ అది అడగొచ్చు. ఆ కీ ఫోటో అదే ల్యాప్‌టాప్‌లో దాచుకున్నవాళ్లని చూశాను.

ఇక మినీటూల్, ఈజ్‌అస్, ఏఓఎంఈఐ లాంటివి. చెడ్డవని అనను. విండోస్ తెర మీదే బొమ్మలా చూపించి, సీ డ్రైవ్‌ని కదపాల్సి వస్తే రీస్టార్ట్ చేసి విండోస్ లేవకముందే పని కానిస్తాయి. కానీ ఫ్రీ వెర్షన్‌లో కొన్ని పనులకు తాళం వేసి, సగం దారిలో డబ్బు అడగడం వాటికి అలవాటు. మీకు కావాల్సింది సీని తగ్గించడం ఒక్కటే, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. నా పద్ధతి అడిగితే, విండోస్ పార్టిషన్‌ని విండోస్ చేతే తగ్గించాలి, లినక్స్ పార్టిషన్లు లినక్స్ వైపు నుంచే తయారు చేసుకోవాలి. ఎవరి ఇల్లు వాళ్లే సర్దుకుంటే గొడవలు తక్కువ.

జీపార్టెడ్ తెరిచినప్పుడు ఒకటి చూసి కంగారు పడతారు, ముందే చెప్తున్నా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎప్పుడూ కనిపించని 16 ఎంబీ పార్టిషన్ ఒకటి అక్కడ ప్రత్యక్షమవుతుంది. అది మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, వైరస్ కాదు, చెత్త కాదు, తీసేయకండి. డిస్క్ మొదట్లో ఎఫ్‌ఏటీ32లో ఉండే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండేది, చాలా మెషీన్లలో 100 ఎంబీ ఉంటుంది) అంతకంటే ముఖ్యం, విండోస్, ఉబుంటు రెండూ దాన్నే పంచుకుంటాయి. ఇన్‌స్టాలర్ దాన్ని వాడుకోనివ్వండి, 'ఫార్మాట్' అనే టిక్ మాత్రం ఉండకూడదు. సీ తర్వాత చివర ఉండే రికవరీ పార్టిషన్‌ని కూడా జరపనక్కర్లేదు, మీరు తీసిన ఖాళీ ఆ రెండింటి మధ్యలో పడుతుంది, ఉబుంటుకి అక్కడ హాయిగా సరిపోతుంది.

ఒక్క పని మాత్రం సరదాకి కూడా చేయొద్దు, సీ డ్రైవ్ ఎడమ అంచు లాగడం. కుడి అంచు తగ్గిస్తే అక్కడ పడిన ఫైళ్లు మాత్రమే జరుగుతాయి, త్వరగా అయిపోతుంది. ఎడమ అంచు కదిపితే లోపలున్న డేటా అంతా మొదటి నుంచి చివరి దాకా కొత్త చోటికి కాపీ అవ్వాలి, గంటలు పడుతుంది. నేను ఒకప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో ముందున్న కాస్త ఖాళీని సీలో కలుపుదామని ఇదే చేశాను, బార్ 60 శాతం దగ్గర ఉండగా ఛార్జర్ పిన్ను లూజై ఊడింది, బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. సగం డేటా కొత్త చోట, సగం పాత చోట. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ పోయిన పార్టిషన్ పట్టికని తిరిగి నిలబెట్టగలదు గానీ, ఇలా ముక్కలైన దాన్ని అది మాత్రం ఏం చేస్తుంది? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కాబట్టి ఛార్జర్ గట్టిగా పెట్టండి, ముఖ్యమైన ఫైళ్లు ముందే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి తీసుకోండి, తీరిక ఉంటే క్లోన్‌జిల్లాతో డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీసి పెట్టుకోండి.

ప్రశ్న: నాది పాత కంప్యూటర్. డిస్క్‌లో ఇప్పటికే నాలుగు పార్టిషన్లు ఉన్నాయి. ఐదోది చేయబోతే డైనమిక్ డిస్క్‌గా మారుస్తా, సరేనా అని విండోస్ అడుగుతోంది. సరే అనొచ్చా?

జవాబు: అనొద్దు! డైనమిక్ (విండోస్ సొంత డిస్క్ పద్ధతి) అయిందంటే మామూలు లినక్స్ ఇన్‌స్టాలర్లతో తలనొప్పే. మీది ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టిక పద్ధతి డిస్క్, దానిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి, అందుకే ఆ ప్రశ్న. అక్కర్లేనిది ఒకటి ఉంటే, డేటా తీసుకుని దాన్ని తొలగించి, ఆ జాగాలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేస్తే లోపల ఎన్ని లాజికల్ డ్రైవ్‌లైనా పెట్టుకోవచ్చు, ఉబుంటు లాజికల్‌లో కూడా కూర్చుంటుంది. మెషీన్ యూఈఎఫ్‌ఐకి (కొత్త తరం బయోస్‌కి) సరిపోతే జీపీటీకి (కొత్త పట్టిక పద్ధతికి) మారడం ఇంకా మేలు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్‌తోనే వస్తోంది, డేటా చెరపకుండా మారుస్తుంది, కానీ దానికి ప్రైమరీలు మూడుకు మించకూడదు, లాజికల్స్ అసలు ఉండకూడదు. మార్చాక బయోస్‌లో బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐకి పెట్టడం మర్చిపోతే విండోస్ లేవదు.

ప్రశ్న: ఉబుంటు తీసేశాను. ఆ ఖాళీని సీలో కలుపుదామంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కడానికి రావట్లేదు, బూడిద రంగులో ఉంది.

జవాబు: డిస్క్ మేనేజ్‌మెంట్ ఖాళీని కలపాలంటే అది సీకి సరిగ్గా కుడి పక్కనే ఆనుకుని ఉండాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉన్నా, ఉబుంటు స్వాప్ పార్టిషన్ (దాని పేజ్ ఫైలు లాంటిది) తీసేయకుండా మిగిలినా ఒప్పుకోదు. స్వాప్ అయితే దాన్ని కూడా తొలగించండి, అయిపోతుంది. రికవరీ అయితే జీపార్టెడ్‌తో దాన్ని కుడివైపు చివరికి జరపండి, చిన్నది కాబట్టి త్వరగానే జరుగుతుంది. అన్నట్టు, మీరు ఉబుంటు తీసేముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటి స్థానంలో పెట్టారా? లేకపోతే ఈసారి ఆన్ చేసినప్పుడు గ్రబ్ (ఉబుంటు బూట్ మెనూ) నల్ల తెర ఎదురుకావచ్చు. కంగారు పడకండి, బయోస్‌లోకి వెళ్లి ఆ వరుస మార్చండి, విండోస్ ఎక్కడికీ పోలేదు.