బావగారిచ్చిన పాత ప్రింటర్ మీద ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు?

ప్రశ్న: తెనాలిలో పద్నాలుగేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. వయసు 41. హైదరాబాద్‌లో ల్యాబ్ మూసేసిన మా బావగారు తన 24 అంగుళాల ఎప్సన్ స్టైలస్ ప్రో 7880 ప్రింటర్ నాకిచ్చేశారు. మూడేళ్లుగా ఆన్ చేయలేదు. డాంపర్లు (ఇంక్ ట్యూబులకీ హెడ్‌కీ మధ్య ఉండే చిన్న భాగాలు), క్యాపింగ్ స్టేషన్ (మెషీన్ ఆగినప్పుడు హెడ్ ఎండిపోకుండా మూసి ఉంచే చోటు) మార్చి, కాగితం మీద ఇంక్ చల్లే హెడ్ క్లీన్ చేయడానికి మెకానిక్ 18,000 అడుగుతున్నాడు. హెడ్ పోయి ఉంటే ఇంకో 75,000 అవుతుందట. ఇంక్ ఖర్చు వేరే. ఇప్పుడు నెలకి 40 దాకా 12×18 అంగుళాల ఫోటోలు విజయవాడలో వేయించుకుంటున్నాను, పార్సిల్‌తో కలిపి ఒక్కోటి 110 పడుతోంది. నా దగ్గర 3 లక్షల ఎఫ్.డి. ఉంది. ఇంటి ఖర్చు నెలకి 28,000. జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు 80,000 కట్టాలి. ఎఫ్.డి. తీసి బాగు చేయించనా? మా ఆవిడ బంగారం మీద లోన్ తీసుకోనా?

జవాబు: నమస్కారం అండీ. ముందుగా బంగారం సంగతి. అది బీరువాలోనే ఉండనివ్వండి. పనిచేస్తుందో లేదో తెలియని మెషీన్ కోసం వడ్డీ కట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఎఫ్.డి. నుంచి మాత్రం కొంత తీయొచ్చు. ఎంత అన్నది మీ ఉత్తరంలో ఉన్న అంకెలే చెబుతున్నాయి.

ఆరు నెలల ఇంటి ఖర్చు 1,68,000. స్టూడియో ఆదాయం నెలనెలా ఒకేలా రాదు కాబట్టి ఈ డబ్బు ముట్టుకోవద్దు. కాలేజీ ఫీజు 80,000 కూడా పక్కన పెట్టండి. 3 లక్షల్లో ఇవి పోతే మిగిలేది 52,000. ఈ ప్రింటర్ మీద మీరు పెట్టగలిగింది అంతే. 75,000 హెడ్ అందులో పట్టదు. కాబట్టి హెడ్ పోయిందని తేలితే ఈ ప్రయత్నం అక్కడే ఆపేయాలి. ఈ మాట ఇప్పుడే, మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టకముందే, ఇంట్లో వాళ్ల ముందు అనుకుని ఉండండి. మెషీన్ సగం విప్పి పెట్టాక అనుకోవడం చాలా కష్టం.

ఎందుకంటే అది నేను దగ్గరుండి చూశాను. నా స్నేహితుడి స్టూడియోలో ఇలాగే ఏళ్ల తరబడి మూలనపడ్డ మెషీన్ ఒకటుండేది. మూత తీస్తే క్యాపింగ్ స్టేషన్‌లో ఇంక్ ఎండిన తారులా పెచ్చులు కట్టి ఉంది. మెకానిక్ క్లీనింగ్ లిక్విడ్‌తో తడిపిన పోగులు రాలని గుడ్డని నాలుగు మడతలు వేసి, రాత్రంతా హెడ్ కింద పెట్టి వెళ్లాడు. పొద్దున తీసి చూస్తే గుడ్డ మీద రంగుల చారలు పడ్డాయి. ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి. లైట్ మెజెంటా చార లేదు. ఆ ఒక్క రంగు కోసం మావాడు రోజుకో పవర్ క్లీనింగ్ కొట్టించాడు. పవర్ క్లీనింగ్ అంటే ఒక్క రంగుకే కాదు, ఎనిమిది రంగులూ పంపుతో లాగి పారబోస్తుంది. వారం తిరిగేసరికి కొత్త కార్ట్రిడ్జ్‌లు సగానికొచ్చాయి, వేస్ట్ ఇంక్ ట్యాంక్ నిండిపోయింది, అప్పటిదాకా బాగున్న సయాన్ (లేత నీలం) కూడా ప్రింట్‌లో మధ్యమధ్య తెగడం మొదలైంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మొత్తం 46,000 పోయింది. ఒక్కసారి అంత అడిగుంటే ఇచ్చేవాడు కాదు. అయిదు సార్లుగా, ప్రతిసారీ 'ఇంతదూరం వచ్చాం కదా' అనుకుంటూ ఇచ్చాడు.

మీ మెషీన్ గురించి ఒక విషయం తెలుసుకోవాలి. కెనాన్, హెచ్‌పీ పెద్ద ఫోటో ప్రింటర్లలో హెడ్ వేడితో పనిచేస్తుంది. అది అరిగిపోయే వస్తువే, పాతది తీసి కొత్తది మనమే పెట్టుకోవచ్చు. ఎప్సన్‌ది పిజో హెడ్, అంటే వేడితో కాకుండా కరెంటుకి కదిలే సన్నని పొరలతో ఇంక్ నెట్టేది. మెషీన్ ఉన్నంతకాలం ఉండాలని బిగించింది. అందుకే దాని ధర అంత. 7880 వచ్చింది 2007లో. ఇంత పాత మెషీన్‌కి హెడ్ కొంటున్నామంటే మిగతా పార్టులన్నీ ఇంకా ఎన్నాళ్లు నడుస్తాయో తెలియకుండా కొంటున్నాం. రేపు పంపు పోవచ్చు, ఎల్లుండి మెయిన్ బోర్డు పోవచ్చు. 75,000 పెట్టినా మీ చేతికొచ్చేది కొత్త హెడ్ ఉన్న పాత మెషీనే.

ఇక అసలు లెక్క. మీ ఊళ్లో దొరికే ధరలు కనుక్కుని ఈ అంకెలు సరిచూసుకోండి. 24 అంగుళాలు, 30 మీటర్ల పేపర్ రోల్ 5,500 అనుకుందాం. అందులో 12×18 ఫోటోలు 130 దాకా వస్తాయి. చెడిపోయేవి తీసేస్తే ఒక్కోదానికి పేపర్ 48 పడుతుంది. కంపాటబుల్ (వేరే కంపెనీ చేసిన) పిగ్మెంట్ ఇంక్, అంటే త్వరగా వెలవని రకం, 220 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ 2,200 అనుకుంటే మిల్లీలీటరు పది రూపాయలు. ఈ సైజుకి సుమారు రెండు మిల్లీలీటర్లు, అంటే 20 రూపాయలు. మొత్తం 68. ల్యాబ్‌కి ఇచ్చే 110తో చూస్తే ఫోటోకి 42 మిగులుతుంది. నెలకి 40 ఫోటోలకి 1,680.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మెషీన్ పని లేని రోజు కూడా ఇంక్ తాగుతుంది. వారానికి రెండు మూడు సార్లయినా అన్ని రంగులూ పడేలా ఒక ప్రింట్ తీయాలి, నాజిల్ చెక్ (హెడ్‌లో ఇంక్ పడే సన్నని రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అని చూసే టెస్ట్ ప్రింట్) చేయాలి, అవసరమైతే క్లీనింగ్ కొట్టాలి. దానికి నెలకి 350. కరెంటుకీ చిల్లర సామానుకీ 150. ఇంత పాత మెషీన్ కాబట్టి రిపేర్ కోసం నెలకి 600 పక్కన పెట్టి తీరాలి. మొత్తం 1,100. 1,680లో అది పోతే నెలకి మీకు మిగిలేది 580.

పెట్టుబడి వైపు చూద్దాం. మెకానిక్‌కి 18,000. ఎనిమిది కార్ట్రిడ్జ్‌లకి 17,600. మూడేళ్లు ఖాళీగా ఉన్న ట్యూబులు నిండడానికీ మొదటి క్లీనింగులకీ అందులో సగం పోతుందనుకోండి, 8,800. ఇలా తిరిగిరాని ఖర్చు దాదాపు 27,000. నెలకి 580 చొప్పున అది తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. హెడ్ కూడా మారిస్తే పద్నాలుగున్నర ఏళ్లు.

అదే నెలకి 120 ఫోటోలు వేస్తే? మిగులు 5,040, అందులో 1,100 పోతే 3,940. 27,000 ఏడు నెలల్లో వచ్చేస్తుంది. చూశారా, మెకానిక్ 18 వేలు అడిగాడా 15 వేలు అడిగాడా అన్నది ఇక్కడ పెద్ద విషయమే కాదు. ఆ మిగతా 80 ఫోటోలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే ప్రశ్న. ఆ బేరం ముందు తేల్చుకోవాలి. మీ ఊళ్లో, చుట్టుపక్కల మండలాల్లో మీలాగే విజయవాడకి పంపి రెండు రోజులు ఎదురుచూసే స్టూడియోలు ఉంటాయి కదా. అదే 110కి సాయంత్రానికల్లా చేతిలో పెడతానంటే ఎంతమంది ఇస్తారో అడగండి. 'చూద్దాం' అన్నవాళ్లని లెక్కలో వేయకండి. 'నెలకి ఇన్ని ఇస్తాను' అన్నవాళ్లనే రాసుకోండి.

అడిగేటప్పుడు ఆషాఢం, మూఢం గుర్తుపెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్లో నెలకి 150 రావొచ్చు. ముహూర్తాలు లేని నెలల్లో పది కూడా రాకపోవచ్చు. మన వ్యాపారంలో అది మామూలే, కానీ ఈ మెషీన్‌కి ఆ నెలలే గండం. పని లేదు కదా అని గుడ్డ కప్పి వదిలేస్తే ఇంక్ మళ్లీ గడ్డకడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో మరీ త్వరగా ఎండుతుంది. కాబట్టి 120 అని నేనన్నది ఏడాది సగటు, పెళ్లిళ్ల నెల లెక్క కాదు.

ఆర్డర్ల వేటలో 'క్యాన్వాస్ కూడా వేస్తాం' అని మాత్రం మాటివ్వకండి. మీ మెషీన్‌లో నలుపుకి ఒకటే చోటు. గ్లాసీ, లస్టర్ పేపర్లకి ఫోటో బ్లాక్ వాడతారు. క్యాన్వాస్, మ్యాట్ పేపర్లకి మ్యాట్ బ్లాక్ కావాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ ట్యూబుల్లో ఉన్న ఇంక్ బయటికి పోతుంది. నెలకి రెండుసార్లు మార్చారంటే లాభం వేస్ట్ ట్యాంకులోకే. ఫోటో బ్లాక్ పెట్టేసి దాంతోనే ఉండండి. చవకగా దొరుకుతోందని త్వరగా వెలిసే డై ఇంక్ కూడా పోయకండి. ఈ హెడ్ పిగ్మెంట్ ఇంక్ కోసం తయారైంది. పైగా పెళ్లి ఫోటో గోడ మీద వెలిసిపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ మీ గుమ్మం తొక్కరు.

ఆర్డర్లు ఉన్నాయని తేలితే అప్పుడు మెకానిక్‌ని పిలవండి. 18,000 ఒకేసారి ఇవ్వొద్దు. ముందు చూసే కూలి మాత్రం ఇచ్చి, మెషీన్ ఆన్ అవుతోందా, క్యారేజ్ (హెడ్‌ని మోసే భాగం) అటూ ఇటూ కదులుతోందా, ఎర్రర్ వస్తోందా చూడమనండి. మీ కంప్యూటర్‌లో డ్రైవర్ ఎక్కుతుందో లేదో కూడా ఆ రోజే తేల్చుకోండి. తర్వాత డాంపర్లు, క్యాపింగ్, హెడ్‌ని తుడిచే వైపర్ మార్చడానికి సగం. మిగతా సగం నాజిల్ చెక్ బాగా వచ్చాకే. దీన్ని కాగితం మీద రాయించుకోండి, అతనికీ మంచిదే. కొత్త ఇంక్ అప్పుడే కొనకండి. ముందు క్లీనింగ్ లిక్విడ్ నింపిన కార్ట్రిడ్జ్‌లతో హెడ్ తెరుచుకుంటుందేమో చూడమనండి. సిరంజితో గట్టిగా ఒత్తి కొట్టనివ్వకండి, హెడ్ లోపల పొరలు దెబ్బతింటాయి.

నాజిల్ చెక్ కాగితం చదవడం మీరే నేర్చుకోండి. ఒక్కో రంగుకి 180 నాజిళ్లు, ఒక్కోదానికి ఒక్కో చిన్న గీత, మెట్లు మెట్లుగా పడతాయి. క్లీనింగ్ తర్వాత మళ్లీ తీసినప్పుడు ఖాళీలు చోటు మారుతుంటే లోపల గాలి ఉన్నట్టు, లేదా డాంపర్, క్యాపింగ్ సరిగా కూర్చోనట్టు. అది బాగయ్యే రోగం. మూడుసార్లు క్లీన్ చేసినా ఖాళీలు అదే చోట ఉంటే ఆ నాజిళ్లు గట్టిగా పూడుకుపోయాయి, లేదా కాలిపోయాయి. అప్పుడు ఒక రాత్రి నానబెట్టి చూడండి. అయినా అవే ఖాళీలు వస్తే ఆపేయండి. నాలుగో పవర్ క్లీనింగ్‌కి ఒప్పుకోకండి.

డబ్బు ఎలా తీయాలంటే, బాగు చేయించడానికీ ఇంక్‌కీ మొదటి రోల్‌కీ కలిపి 41,100. ఎఫ్.డి. మొత్తం పగలగొట్టనక్కర్లేదు, కొంత భాగం తీయడానికి మీ బ్యాంక్ ఒప్పుకుంటుందేమో అడగండి. ఒప్పుకోకపోతే ఎఫ్.డి. మీదే లోన్ తీసుకుని ఏడెనిమిది నెలల్లో తీర్చేయండి. ఎఫ్.డి. వడ్డీ కంటే సాధారణంగా ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. 'ట్యాక్స్‌లో కలిసొస్తుంది' అని ఎవరైనా అంటే, మీరు టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించే అంచనా పద్ధతిలో రిటర్న్ వేసేవారైతే ఈ ఖర్చు విడిగా తగ్గించుకోవడం కుదరదు. మీ ఆడిటర్ గారిని అడిగి చూడండి.

హెడ్ పోయి, ఆర్డర్లు మాత్రం నిజంగా ఉంటే దారి వేరు. అప్పుడు చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్ర లోన్‌లో కిశోర్ అనే విభాగం కింద కొత్త మెషీన్‌కి ప్రయత్నించండి. 50,000 దాటి 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. మీరు స్టూడియోల దగ్గర రాసుకున్న ఆ ఆర్డర్ల కాగితం బ్యాంక్ మేనేజర్ ముందు కూడా పనికొస్తుంది. కొత్తదానికి వారంటీ ఉంటుంది, పార్టులు దొరుకుతాయి. ఈఎంఐ వేసి ఈ లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

చివరగా బావగారి సంగతి. అభిమానంతో ఇచ్చిన వస్తువుని పార్టుల కింద అమ్మేస్తే ఏమనుకుంటారో అని మీకు లోపల ఉండే ఉంటుంది. చాలామంది ఇలాంటి మొహమాటంతోనే డబ్బు పోగొట్టుకుంటారు. పని మొదలుపెట్టకముందే ఫోన్ చేసి, "బావగారూ, 41 వేల దాకా పెట్టి చూస్తాను, హెడ్ పోయిందంటే మాత్రం పార్టులకి ఇచ్చేస్తాను" అని చెప్పేయండి. ల్యాబ్ నడిపిన మనిషి, హెడ్ ధర ఆయనకి మీకంటే నాకంటే బాగా తెలుసు. చివరిసారి ఆపినప్పుడు ఏ రంగు తెగుతోందో కూడా అప్పుడే అడగండి. అది తెలిస్తే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. నాజిల్ చెక్ తీసిన ప్రతి కాగితం మీద తేదీ వేసి దాచండి. మొదటి మూడు ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను.