వాస్ప్ మహిళా పైలట్లకు గుర్తింపు ఎందుకంత ఆలస్యమైంది?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విమానాలు నడిపిన మహిళలను (వాస్ప్, అంటే విమెన్ ఎయిర్‌ఫోర్స్ సర్వీస్ పైలట్స్) మాజీ సైనికులుగా గుర్తించడానికి 33 ఏళ్ళు ఎందుకు పట్టింది?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాళ్ళు చేసింది సైన్యం పనే అయినా కాగితాల్లో మాత్రం సివిలియన్ ఉద్యోగులు.

మేం డల్లాస్‌లో ఉంటాం. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం స్వీట్‌వాటర్ వెళ్ళాం. ఐ-20 మీద పడమరగా మూడున్నర గంటల దారి, చూడ్డానికి గాలిమరలు తప్ప ఏమీ ఉండవు. వీళ్ళు శిక్షణ పొందిన అవెంజర్ ఫీల్డ్ ఆ ఊళ్ళోనే. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. 25,000 మందికి పైగా దరఖాస్తు చేస్తే 1,830 మందిని తీసుకున్నారు. చివరికి 1,074 మంది పాసయ్యారు. శిక్షణలో వేసుకోవడానికి మగవాళ్ళ కొలతల డ్రెస్సులే ఇచ్చారట, చేతులు, కాళ్ళు మడుచుకోవాల్సిందే!

ఫ్యాక్టరీ నుంచి కొత్త విమానాలను స్థావరాలకు చేర్చడం వీళ్ళ ముఖ్యమైన పని. ఇంకోటి వింటే నాకైతే ఒళ్ళు జలదరించింది. విమానం వెనక పొడవాటి గుడ్డ కట్టుకుని ఎగురుతుంటే, కింద కొత్త సైనికులు నిజం గుళ్ళతో ఆ గుడ్డను కాల్చి గురి నేర్చుకునేవారు. మొత్తం 38 మంది విధుల్లో చనిపోయారు. సివిలియన్లు కాబట్టి సైనిక లాంఛనాలు లేవు. శవాన్ని ఇంటికి పంపడానికి తోటి అమ్మాయిలు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి.

మా నాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఆయన డిశ్చార్జి బుక్కు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటుంది. పెన్షన్, క్యాంటీన్ కార్డు, ఏది కావాలన్నా ముందు అదే అడుగుతారు. ఆ రాత్రి ఫోన్లో ఇదంతా చెబితే ఆయన అడిగింది ఒకటే: "మరి వాళ్ళకు బుక్కు ఇవ్వలేదా?"

ఇవ్వలేదు. వీళ్ళను సైన్యంలో కలిపే బిల్లు 1944 జూన్‌లో ప్రతినిధుల సభలో 188-169 ఓట్లతో ఓడిపోయింది. అప్పటికి పైలట్ల కొరత తగ్గింది. ఉద్యోగాలు పోతే పదాతి దళంలోకి పంపుతారని భయపడ్డ మగ సివిలియన్ ఇన్‌స్ట్రక్టర్లు గట్టిగా అడ్డుపడ్డారు. డిసెంబర్ 20న వాస్ప్‌ను రద్దు చేశారు. రికార్డులకు తాళం పడింది.

1970ల్లో వైమానిక దళం "తొలిసారి మహిళలకు మిలిటరీ పైలట్ శిక్షణ" అని ప్రకటించడంతో వీళ్ళకు మండింది. మండదా మరి? అప్పటికి చాలామంది యాభై దాటినవాళ్ళే. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చుట్టూ తిరిగారు. యుద్ధకాలంలో తానూ విమానాలు చేరవేసిన సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ వీళ్ళ పక్షాన నిలిచాడు. 1977 నవంబర్‌లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వీళ్ళను మాజీ సైనికులుగా గుర్తించే చట్టం వచ్చింది. కాంగ్రెస్ బంగారు పతకం అందింది మాత్రం 2010లో.

అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. ఎలైన్ హార్మన్ అనే వాస్ప్ పైలట్ 2015లో చనిపోయింది. తన అస్థికలను ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంచాలని కోరుకుంది. సైన్యం కుదరదంది. ఇంటివాళ్ళు మళ్ళీ కాంగ్రెస్ దాకా వెళ్ళారు. 2016లో దానికోసం విడిగా ఇంకో చట్టం చేశాక, ఆ సెప్టెంబర్‌లో ఆమెకు అక్కడ చోటు దొరికింది.